వాళ్ల గళ్లలో నా ముక్క

14 సెప్టెంబర్ 2014, ఆదివారం

ఆద్య తలగడ నా మంచం మీద లేదు.

వియ్యపురాలు ఇవాళ దిగింది. రెండు పెద్ద పెట్టెలు, ఒక చేతిసంచీ, మెడకు ఊదారంగు దిండు. కిరణ్ విమానాశ్రయం నుంచి తీసుకొచ్చాడు. స్వప్న ఎనిమిదో నెల కడుపుతో గుమ్మం దాకా దాదాపు పరిగెత్తింది. కన్నతల్లి వచ్చిన సంబరం... సహజం. కోడలి విషయంలో నాకేమీ లేదు.

కానీ భోజనాలయ్యాక మనవరాలు తన తలగడ చంకలో పెట్టుకుని నా గదిలోంచి వెళ్లిపోయింది. గుమ్మంలో ఆగి — "జస్ట్ వన్ డే నానమ్మా. అమ్మమ్మ చాలా దూరం నుంచి వచ్చింది కదా."

నేనూ అంత దూరం నుంచే వచ్చాను. వచ్చి, తిరిగి వెళ్లకుండా ఉండిపోయాను. తేడా అదొక్కటే.

16 సెప్టెంబర్

ఒక్క రోజు అయిపోయింది. తలగడ రాలేదు. అడగను.

18 సెప్టెంబర్

బస్సు దిగగానే చేతులు కడుక్కోవడం, పాలు, ఆ తర్వాత గంటసేపు భోజనాల బల్ల దగ్గర తెలుగు. ఆద్య ఒకటో తరగతిలో చేరిన నాటి నుంచీ ఇదే ఏర్పాటు. ఇప్పుడు మూడో తరగతి. జ్వరం వచ్చిన రోజుల్లో తప్ప ఆగలేదు. ఒత్తులన్నీ వచ్చేశాయి. చిన్న కథలు తనంతట తనే చదువుతోంది. అమెరికాలో ఈ బెంటన్‌విల్ ఊళ్లో ఇంకే పిల్లా ఇంత చదవదు — గొప్ప కోసం రాయడం లేదు, నిజం.

ఇవాళ పాలగ్లాసుతో సోఫా వైపు తిరిగింది. "టెన్ మినిట్స్ నానమ్మా, ప్లీజ్."

వియ్యపురాలి ఒళ్లో ట్యాబ్. హైదరాబాదులో కొడుకు కొనిచ్చాడట. అందులో ఏదో గళ్ల ఆట.

"జరసేపు ఆడుకోనియ్యుండ్రి వదినా. బడి నుంచి అలిసొచ్చింది బిడ్డ."

అలసినవాళ్లు ఆడతారా? పది నిమిషాలు నలభై అయ్యాయి. ఒక పేజీ చదివించి పుస్తకం మూసేశాను.

21 సెప్టెంబర్

కుట్టుపని చేతిలో పెట్టుకుని దూరం నుంచి గమనించాను. ఆట ఏమీ లేదు. పది గళ్లు అడ్డం, పది గళ్లు నిలువు. కింద మూడు ముక్కలు ఇస్తుంది — ఒకటి కర్రలా, ఒకటి మడిచిన మోచేయిలా, ఒకటి చదరంగా. తిప్పడానికి లేదు. ఇచ్చింది ఇచ్చినట్టే ఎక్కడో అమర్చాలి. అడ్డమో నిలువో ఒక వరుస నిండితే ఆ వరుస మాయం. మూడూ పెడితే మళ్లీ మూడు. పెట్టడానికి చోటు లేకపోతే ఆట ముగిసినట్టే. తొందర లేదు, గడియారం లేదు. జాగ్రత్తపడితే ఒకే ఆట వారాల తరబడి సాగుతుంది.

ఇద్దరూ ఒకే కుర్చీలో. రెండు తలలు ఆనించుకుని.

"ఇగ ఇది ఏడ పెడుదాం బిడ్డా?"

"నో అమ్మమ్మా! అది అక్కడ పెట్టకు. లాంగ్ వన్ వస్తే ప్లేస్ ఉండదు."

"అవునవును. నువ్వే పెట్టు, నాకేం తెల్వదు."

ఆమె ఒకటో తరగతి పిల్లలకు పాటలు చెప్పిన పంతులమ్మ. ఆటపాటల చదువు. నేను కాలేజీలో కామర్స్ చెప్పినదాన్ని. పిల్లల ఎదుట నాకేం తెలియదని ఏనాడూ అనలేదు. అనాలని తోచనే లేదు. అలా అంటే పిల్లలు వచ్చి ఒళ్లో వాలిపోతారని నాకెవరూ చెప్పలేదు.

24 సెప్టెంబర్

దానికి పేరు కూడా పెట్టుకున్నారు. "మా బోర్డు". వియ్యపురాలు వచ్చిన రోజు మొదలుపెట్టిన ఆట ఇంకా చావలేదట. అమ్మమ్మ ఇండియా వెళ్లేదాకా చావనివ్వరట.

రాష్ట్రాలు రెండయ్యాయి. ఈ ఇంట్లో మాత్రం వాళ్లిద్దరూ ఒకటి, నేనొకటి.

28 సెప్టెంబర్

వియ్యపురాలు సూపర్‌మార్కెట్ చామంతులతో బతుకమ్మ పేర్చింది. ఆద్య పూలు అందించింది. వరుస మీద వరుస, మధ్యలో సందు లేకుండా. బాగుంది. బాగుందని పైకి కూడా అన్నాను, ఒకసారి.

1 అక్టోబర్

ఇవాళ గట్టిగా చెప్పాను. ముందు పాఠం, తర్వాతే ఆట. ఆద్య వచ్చి కూర్చుంది. చదివింది. కళ్లు పుస్తకం మీద, చెవులు సోఫా మీద. 'చిలుక చెట్టు మీద వాలింది' అన్న వాక్యం మూడుసార్లు చదివినా చిలుక వాలలేదు.

సాయంత్రం కోడలు మెల్లగా వచ్చింది. "అత్తమ్మా, ఆర్నెల్లే కదా. తర్వాత ఎట్లాగూ మీ దగ్గరే ఉంటది."

కొడుకు ఒక్క ముక్కలో తేల్చాడు. "లైట్ తీసుకో అమ్మా."

నేనే బరువు మనిషిని ఈ ఇంట్లో.

9 అక్టోబర్

ఇది రాయకుండా ఉండలేను.

మధ్యాహ్నం. స్వప్న మేడ మీద నిద్ర. వియ్యపురాలు సోఫాలో ఒరిగి నిద్ర — కళ్లద్దాలు ముక్కు చివరికి జారి. బల్ల మీద ట్యాబ్, తెర వెలుగుతూ. కరెంటు దండగ అని ఆర్పడానికి వంగాను.

వాళ్ల బోర్డు. కింద మూడు ముక్కలు.

మోచేయి ముక్క ఎక్కడ పెట్టాలో చూడగానే తెలిసిపోయింది. ఎడమ పక్క, పైనుంచి నాలుగో వరుస. అక్కడ పెడితే ఒక అడ్డువరుస, ఒక నిలువువరుస ఒకేసారి నిండుతాయి. అది పెట్టకుండా వీళ్లు చదరం ఎక్కడ పెట్టాలా అని తలపట్టుకుని కూర్చున్నట్టున్నారు. కళ్లెదురుగా ఉంది!

వేలితో పట్టి జరిపాను. వదిలాను. రెండు వరుసలూ ఒక్కసారి... లేవు.

విద్యార్థి లెక్కలో తప్పు కనిపిస్తే ఎర్ర సిరాతో దిద్దకుండా ఉండగలనా? అంతే. దిద్దాను.

ట్యాబ్ ఎలా ఉందో అలాగే పెట్టాను. వెళ్లి కందిపప్పు ఏరుతూ కూర్చున్నాను. చేతిలో ఇంకా ఆ వరుసలు కరిగిన భావన. ట్రయల్ బ్యాలెన్స్ రెండు వైపులా కలిసినప్పుడు గుండెల్లో ఒక చల్లదనం పడుతుంది — రిటైరయ్యాక అది మళ్లీ తగలలేదు. ఇవాళ తగిలింది.

అదే రోజు, సాయంత్రం

ఆద్య కేక — "అమ్మమ్మా! నువ్వు టూ లైన్స్ క్లియర్ చేశావా? ఒకేసారి?"

"నేనా? ...చేసిన్నేమో బిడ్డా. యాది లేదు."

వియ్యపురాలు నా వైపు చూడలేదు.

10 అక్టోబర్

ఒక ముక్క.

11 అక్టోబర్

శనివారం. ఆద్య ఇంట్లోనే. ముక్క లేదు. రోజంతా చిరాకు. కిరణ్ కాఫీ కప్పు కింద పళ్లెం లేకుండా పెట్టాడని మాట తూలాను.

14 అక్టోబర్

ఒక ముక్క. కర్ర. చాలా తేలిక.

ఒకటి కంటే ఎక్కువ పెట్టను — అది నా నియమం. దిద్దడం వేరు, ఆడడం వేరు.

21 అక్టోబర్

మగపిల్లవాడు. తల్లీబిడ్డా క్షేమం. ఏడు పౌండ్లు.

నేనూ వియ్యపురాలూ వంతులవారీగా ఆస్పత్రిలో. నా వంతులో చంటివాణ్ని ఎత్తుకున్నాను. వాడు నన్నూ చూడలేదు, ఆమెనూ చూడలేదు. న్యాయమైన పిల్లవాడు.

2 నవంబర్

ఇంటి పనులు మాట్లాడుకోకుండానే పంచుకున్నాం. చంటివాడి స్నానం, నూనె మర్దన ఆమెవి. బాలింత పత్యం, వంట నావి. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టం. ఆ విషయంలో ఆమెకు వంక పెట్టడానికి లేదు. శుభ్రత ఉంది. గొంతు ఎత్తదు.

అదే నాకు పడదు. గొంతు ఎత్తితే బాగుండును.

శుక్రవారం మధ్యాహ్నం ఒక ముక్క.

7 నవంబర్

కళ్లు మూసుకుంటే గళ్లు. స్నానాల గదిలో పలకలు గళ్లు. కిరణ్ సర్దిన డిష్‌వాషర్ మొత్తం తీసి మళ్లీ సర్దాను.

"అమ్మా, సర్దే ఉంది కదా?"

"సర్దడం కాదది. పడేయడం."

రెండు మూకుళ్లు, కుక్కర్ మూత ఎక్కువ పట్టాయి. కిరణ్ బయటికి పోయాడు.

ఇండియన్ స్టోర్ ముందు కార్లు బారుగా నిలిపి ఉంటే... చివరన ఒక్క ఖాళీ. ఒక ఎర్ర కారు వచ్చి అందులో దూరింది. వరుస మొత్తం మాయమైపోతుందని ఒక్క క్షణం ఎదురుచూశాను. నిజంగా ఎదురుచూశాను.

దీపావళికి చేసిన మైసూర్‌పాక్ పళ్లెంలో కొంచెం మిగిలి ఉంది. మధ్య వరుస ఒక్కటీ ఎందుకో తీసి డబ్బాలో పెట్టాను. ఎవరూ అడగలేదు.

12 నవంబర్

భోజనాల దగ్గర ఆద్య ఊగిపోతోంది. "డాడీ, అమ్మమ్మ ఈజ్ ఎ జీనియస్! నేను స్కూల్‌లో ఉంటే హార్డ్ పీసెస్ అన్నీ తనే ఫిక్స్ చేస్తుంది. నాకంటే బాగా!"

"ఏదో బిడ్డా. చెయ్యి అట్ల పోతది."

కిరణ్ — "అత్తయ్యగారూ, మా టీమ్‌లో జాయిన్ అయిపోండి. మా ప్రాజెక్ట్ కూడా ఫిక్స్ చేద్దురు."

అందరూ నవ్వారు. స్వప్న కూడా, కుట్లు నొప్పెడుతున్నా.

సాంబారు వడ్డిస్తున్నాను నేను. గరిటె నా చేతిలో. ఆ ముక్కలు పెట్టిన వేలు కూడా ఆ చేతిదే.

13 నవంబర్

నిన్న రాయనిది ఇవాళ రాస్తున్నాను. పిల్ల అమ్మమ్మను పొగిడితే ఇదివరకూ మనసు చివుక్కుమనేది. కానీ నిన్నటిది వేరు. పొగడ్త నాది, పుచ్చుకున్నది ఆమె. నా కాగితం మీద ఇంకొకరి పేరు రాసి మార్కులు చదివినట్టుంది.

చెప్పవచ్చు. "అది నేను" అంటే సరిపోతుంది. కానీ ఇన్నాళ్లూ ఈ ఆటను బుద్ధి తక్కువ ఆట అన్నదీ నేనే కదా.

17 నవంబర్

ఒక ముక్క. బాగా కష్టమైనది. చాలాసేపు నిలబడి ఆలోచించి పెట్టాను. ఇది ఆద్యకు ఎలా కనిపిస్తుందో అని సాయంత్రం దాకా ఆగలేకపోయాను.

కనిపించింది. అమ్మమ్మ బుగ్గ మీద ముద్దు పెట్టింది.

19 నవంబర్

ఆ తెర ఎప్పుడు చూసినా వెలుగుతూనే ఉంటుందేమిటో. నా ఫోన్ నిమిషంలో ఆరిపోతుంది. ఖరీదైన వస్తువు కాబోలు.

28 నవంబర్

సెలవులు. ఇల్లంతా జనం. ముక్క లేదు, పాఠమూ లేదు. పార్కు దగ్గర పక్కింటి లావణ్య — "ఇద్దరు బామ్మలు ఒకేసారి! స్వప్న లక్కీ కదా ఆంటీ? మా ఇంట్లో అయితే ఒకరొస్తే ఒకరు పోవడమే, డ్యూటీ చేంజ్ ఎయిర్‌పోర్ట్‌లోనే."

లక్కీయే.

4 డిసెంబర్

మళ్లీ పాఠం మొదలుపెట్టాను. ఆద్య చదివింది కూడా. చదివాక నేనే అన్నాను — చాలా మామూలుగా — "ఆ ఆట ఎంతవరకు వచ్చింది?"

"గుడ్." అంతే. లేచింది.

సోఫాలోంచి వియ్యపురాలు — "నానమ్మను గూడ పిలుద్దామా బిడ్డా? ముగ్గురం ఆడుదాం."

"నానమ్మా? నో... షి హేట్స్ ఇట్. నానమ్మకి గేమ్స్ రావు."

కోపంతో అనలేదు. 'నానమ్మకి కాకరకాయ ఇష్టం' అన్నట్టు అంది. తెలిసిన సంగతి.

"నాకు పనుంది" అన్నాను.

9 డిసెంబర్, మంగళవారం

చచ్చిపోయింది. వాళ్ల బోర్డు.

మధ్యాహ్నం మామూలుగానే వెళ్లాను. ఒక ముక్క పెట్టాను. "నానమ్మకి గేమ్స్ రావు." రెండోది పెట్టాను. రావా? మూడోది. కొత్త మూడు వచ్చాయి. అవీ పెట్టాను. రెండు వరుసలు, మూడు వరుసలు, ఒకసారి నాలుగు! నిలబడి మొదలుపెట్టినదాన్ని ఎప్పుడు కుర్చీ లాక్కున్నానో తెలియదు. పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చింది. వచ్చినా లేవలేదు. నేను! ఇంకొక్కటి, ఇది అయ్యాక లేస్తాను... అది అయ్యాక అది తెచ్చిపెట్టిన చిక్కు విప్పాలి, ఆ చిక్కు విప్పితే ఇంకోటి.

అప్పుడు మూడుకు మూడు చదరంగా ఉన్న పెద్ద ముక్క వచ్చింది. దానికి ఎక్కడా చోటు లేదు. ఒక్క గడి తక్కువ. వెతికాను. తెర మెల్లగా బూడిదరంగుకు తిరిగింది.

ఆ తర్వాత తెల్లటి ఖాళీ గళ్లు. కొత్త ఆట మొదలుపెట్టమంటూ.

వియ్యపురాలు కదలలేదు. నేను పాలు తుడిచాను. గిన్నె తోమాను. బస్సు వచ్చింది.

అదే రోజు

"హూ డిడ్ దిస్?"

వంటింటి గుమ్మంలో నేను. నోరు తెరిచాను. నిజంగా తెరిచాను — దేవుడికి తెలుసు. ఆద్య నా వైపు చూడను కూడా లేదు. నేను చేసి ఉండవచ్చన్న అనుమానం కూడా ఆ పిల్లకు లేదు.

వియ్యపురాలు — "నేనే బిడ్డా. నిద్రల చెయ్యి తగిలినట్టుంది. పాడుచేసిన."

పిల్ల ఏడ్చింది. వెక్కి వెక్కి. తరువాత తనే కళ్లు తుడుచుకుని ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. "ఇట్స్ ఓకే అమ్మమ్మా. నువ్వు కావాలని చెయ్యలేదు కదా. ఫీల్ అవ్వకు."

ఇద్దరూ చాలాసేపు అలాగే.

తప్పు నాది. ఆ తప్పును కూడా ఆమె తీసుకుంది. తీసుకుని, దాని మీద వచ్చిన కౌగిలిని కూడా తీసుకుంది. నా దగ్గర ఏం మిగిల్చింది?

11 డిసెంబర్

వంటింట్లో ఇద్దరమే. ఆమె వాముపొడి దంచుతోంది. నేనే మాటెత్తాను. "నా తరఫున మీరు అబద్ధం చెప్పనక్కరలేదు వదినగారూ."

దంచడం ఆపింది. నవ్వింది. "మరి మీరు చెప్తరా?"

పొయ్యి వైపు తిరిగి పోపు గింజలు వేశాను.

"మీరు ఒక్కటి పెట్టిపోతుంటే మంచిగనే ఉండె. నాకేడ వస్తది ఆ ఆట? ఆద్య ముంగట నా ఆబ్రూ, పరువు నిలిపింది మీరే. అందుకే తెర ఆరకుంట పెట్టి పండుకుంటుంటి."

నిద్ర కాదు. ఇన్నాళ్లూ నిద్ర కాదు. నేను పిల్లిలా వచ్చి పిల్లిలా పోతుంటే కళ్లద్దాల కింద నుంచి చూస్తూ ఉందన్నమాట. ఒళ్లంతా మండింది.

"అయితే ఆద్యకు ఎందుకు చెప్పలేదు? పెడుతున్నది నేనని?"

వాముపొడి సీసాలోకి ఎత్తింది. "ఏడాదంత మీదేనాయె వదినా. గీ ఆర్నెల్లు నాకియ్యరా?"

నా దగ్గర జవాబు ఉంది. ఏడాదంతా అన్నం పెట్టేవాళ్లను, తెలుగు రుద్దేవాళ్లను ఎవరు ముద్దు పెట్టుకుంటారు? మీ ఆర్నెల్లే నా ఏడాది కంటే పెద్దవి. చెప్పలేదు. పప్పు పోపు మాడుతోంది.

15 డిసెంబర్

కొత్త బోర్డు మొదలుపెట్టారు. మధ్యాహ్నం తెర వెలుగుతోంది. ఆమె కళ్లు మూసుకుని ఉంది.

దాటి వెళ్లాను. ఆగలేదు.

18 డిసెంబర్

ఆగలేదు. చూశాను మాత్రం. కుడి మూల పాడుచేసుకుంటున్నారు.

5 జనవరి 2015

వాళ్ల రెండో బోర్డు చచ్చింది. మూడోది మొదలు.

వేళ్లు దురదపెడుతున్నాయి. బియ్యం ఏరాను. అల్మారా సర్దాను. కిరణ్ చొక్కాలు రంగుల వరుసలో పెట్టాను. ఒక్క వరుసా మాయం కాదు. ఈ ఇంట్లో ఎంత నింపినా ఏదీ మాయం కాదు, మళ్లీ మురికవుతుంది తప్ప. ఆ ఆట ఎందుకంత పట్టుకుంటుందో ఇప్పుడర్థమైంది. అర్థమైనంత మాత్రాన వదలదు.

14 జనవరి

మూడోదీ చచ్చింది. "అమ్మమ్మా, వాట్ హాపెండ్? ముందు నువ్వు చాలా బాగా ఆడేదానివి."

"ముసలిదాన్నైతున్న బిడ్డా."

చారులో ఉప్పు చూస్తున్నాను. నాకు సంతోషం వేసింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాశాను. లెక్క లెక్కే.

20 జనవరి

గుమ్మం దగ్గర ఆపింది. గొంతు తగ్గించి — "వదినా, ఒక్కటి పెట్టరాదుండ్రి. గట్లనే ఒక్కటి."

"నాకు ఆ ఆట రాదు" అన్నాను.

ఆమె ముఖం చూసి ఉండాల్సింది కాదు.

6 ఫిబ్రవరి

ఆద్య బడిలో ఎవరో రబ్బరు బ్యాండ్లతో కంకణాలు అల్లుతున్నారట. ఇల్లంతా రబ్బరు బ్యాండ్లు. ట్యాబ్ సోఫా మీద బోర్లా పడి ఉంది. చివరికి వియ్యపురాలు దాన్ని తీసి ఒక్కర్తే ఆడుతోంది. మధ్యమధ్య తలెత్తి ఆద్య వైపు చూస్తుంది. "బిడ్డా, చూడు ఏం ముక్క వచ్చిందో..."

"వన్ మినిట్ అమ్మమ్మా."

ఆ ఒక్క నిమిషం నాకు బాగా తెలుసు. నేను దానితో నెలలు గడిపాను.

నేననుకున్నంత సంతోషం ఇవాళ రాలేదు. కొంత వచ్చింది.

8 మార్చి, ఆదివారం

పెట్టెలు సర్దడం. రెండు పెట్టెలు, ఒక్కొక్కటి యాభై పౌండ్లు. ఆమె పడేసినట్టు సర్దింది. మూత పడటం లేదు. కిరణ్ పెట్టె మీద కూర్చున్నాడు. చూడలేకపోయాను. అన్నీ తీయించాను. బాదం ప్యాకెట్లు పక్కగా, బూట్ల లోపల విటమిన్ సీసాలు, చీరల మడతల మధ్య చాక్లెట్లు, మిగిలిన సందులో హైదరాబాదు మనవళ్ల బొమ్మలు. మూత ఒక్క చేత్తో పడింది.

వియ్యపురాలు పక్కన కూర్చుని చూస్తూ ఉంది. "చూసినవా బిడ్డా, నానమ్మ ఎట్ల సర్దిందో? ఆ ఆట నానమ్మకే వస్తది."

ఆద్య తలెత్తింది. నా వైపు చూసింది. ఒక్క క్షణం ఏదో లెక్క వేసుకుంటున్నట్టు...

"ఓ. కూల్." మళ్లీ రబ్బరు బ్యాండ్లు.

చెప్పింది. చివరికి చెప్పింది. పిల్లకు దానితో పని లేనప్పుడు.

10 మార్చి

వెళ్లింది. గుమ్మంలో ఆద్యను ముద్దాడి — "ఇగ నానమ్మ దగ్గర పండుకో బిడ్డా. సరేనా?"

నా మనవరాలిని నాకు ఇచ్చి వెళుతోంది! ఎరువు తెచ్చుకున్న గిన్నె తిరిగిచ్చినట్టు.

కారు ఎక్కేముందు నా చేయి పట్టుకుంది. చెయ్యి నూనె వాసన, చంటివాడి నూనె. "వస్త వదినా." నేను "జాగ్రత్త" అన్నాను.

లోపలికి వచ్చి నా మంచం మీద కొత్త దుప్పటి పరిచాను. పిల్ల పక్క జాగా సర్దాను.

11 మార్చి

తలగడ రాలేదు.

పొద్దున పాలు తాగుతూ — "నానమ్మా, క్యాన్ ఐ కీప్ అమ్మమ్మ రూమ్? నాకు ఓన్ రూమ్ కావాలి. మా క్లాస్‌లో అందరికీ ఉంది." కిరణ్ అప్పుడే సరేననేశాడట. గోడకు రంగు ఎంచుకుంటున్నారు.

పిల్ల ఆ గదిలో ఉండిపోయింది ఆమె కోసం కాదు. నా గదికీ రాలేదు. ఇన్నాళ్లూ నేను పోట్లాడింది ఎవరితో?

15 మార్చి

గది రంగు లేత ఊదా. ఆమె మెడదిండు రంగు. ఎవరూ గమనించలేదు. నేను గమనించాను.

తెలుగు పాఠం ఇప్పుడు రోజు విడిచి రోజు. ఆద్యకు ఈత ఉంది.

19 మార్చి

మధ్యాహ్నం. కోడలు, చంటివాడు నిద్ర. సోఫా ఖాళీ. అలవాటుగా ఆ బల్ల దాకా వెళ్లి నిలబడ్డాను. బల్ల మీద ఏమీ లేదు. ట్యాబ్ ఆమెతో పాటే వెళ్లింది, నేనే చీరల మధ్య పెట్టాను.

24 మార్చి

నా ఫోన్ మోగింది. ఆమె నుంచి ఫోటో. ట్యాబ్ తెరను ఫోన్‌తో తీసిన ఫోటో, కొంచెం వంకరగా, అంచున ఆమె బొటనవేలు. పది గళ్లు, పది గళ్లు. కింద మూడు ముక్కలు.

కింద రాసింది — "వదినా, ఇవి ఏడ పెట్టాలె? నిద్ర వస్తలేదు."

ఇక్కడ ఎండ. అక్కడ ఆమెకు నిద్ర పట్టని వేళ. ఇంట్లో ఒక్కర్తే మేలుకుని ఉంటుంది.

చూడగానే తెలిసింది. కర్ర ముందు, కుడి పక్క నిలువుగా. తర్వాత మోచేయి దాని సందులో. చదరం చివర. వేరే ఏ క్రమంలో పెట్టినా సరిపోదు, ఈ క్రమంలోనే పెట్టాలి. తప్పుగా పెడితే రేపటికి ఆ బోర్డు ఉండదు.

"కర్ర ముందు" అని టైపు చేశాను. చెరిపాను. మళ్లీ చేశాను. ఇంకా పంపలేదు.

ఈ ఫోటో స్వప్న ఫోన్‌కి కూడా పంపిందా? ఆద్యకు చూపించమని? లేక నాకొక్కదానికేనా... కోడలు లేచాక, మామూలుగా, ఏదో మాట మీద అడగాలి. ముందు అది తెలియాలి.